రాజీనామా ఎవరికివ్వాలి?

కోర్టు ఆవరణలో తెలుగువాళ్ళు మాట్లాడే మాటల్లో మా ఇళ్ళల్లోంచి వచ్చినవి ఎన్నో ఎప్పుడైనా లెక్కపెట్టారా? వకీలు, వకాల్తా, దావా, అర్జీ, ఫిర్యాదు, జామీను, హాజరు, వాయిదా, జప్తు, దస్తావేజు. మమ్మల్ని వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడే పెద్దమనిషి కూడా గెట్టు తగాదా ముదిరి కోర్టు మెట్లెక్కేసరికి ఈ మాటలన్నీ నోటినిండా పలుకుతాడు. మాటకు అంటు లేదు, మతమూ లేదు. సంతోషమే.

కానీ ఆ మాటలు వచ్చినవి వచ్చినట్టు ఉండలేదు. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, నాకు అన్యాయం జరిగిందని చెప్పుకోవడానికి వచ్చినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడి బోనులో నిలబడ్డవాడు. ఫిర్యాదు చెయ్యడానికి బయల్దేరిన మాట దారిలో ఎక్కడో నిందితుడైపోయింది. ఎట్లా అయిందో భాషాశాస్త్రం చదివినవాళ్ళు చెప్పగలరు. స్టేషనుకు ఫిర్యాదు ఇద్దామని వెళ్ళి ఆ రాత్రి అక్కడే ఉండిపోయిన పిల్లల్ని మా గల్లీల్లో చూసినవాళ్ళకు మాత్రం ఇందులో పెద్ద వింతేమీ కనపడదు.

ఇంకో మాట రాజీనామా. ఉర్దూలో అది ఇద్దరూ ఒప్పుకుని రాసుకునే కాగితం. తగాదా తీరిందని రెండు పక్షాలూ సంతకాలు పెట్టే కాగితం. తెలుగులో ఉద్యోగం వదిలిపెట్టే కాగితం. దానికి మా ఇళ్ళల్లో మాట ఇస్తీఫా. ఈ నాలుగు మాటలూ ఆ కాగితం గురించే. ఇల్లు గడిపే ఉద్యోగం ఒకటి చేతిలో ఉంది, దాంట్లో మనసు రోజూ కొంచెం కొంచెం చచ్చిపోతోంది. దాన్ని వదిలేసి నల్లకోటు వేసుకుంటానని ఒక ముస్లిం పిల్లవాడు అంటే అది న్యాయమేనా? న్యాయమైతే ఎవరికి?

మాలో ఒకడికి ఈ ప్రశ్న ఎదురైంది. నెలల తరబడి మేమంతా కూచుని దాని మీద వాదులాడుకున్నాం. అతని పేరు చెప్పం. చెప్తే అతను పనిచేసిన కంపెనీ పేరు కూడా చెప్పాల్సి వస్తుంది. పాలమూరు జిల్లా నుంచి పట్నానికి వలస వచ్చిన దర్జీ కుటుంబం. రెడీమేడ్ దుస్తులు దర్జీలను తినేసిన కాలం అది. బీకాం చదివి ఒక ఫైనాన్సు కంపెనీలో లెక్కలు రాసే పనిలో చేరాడు. రెండేళ్ళు గడిచాక మేనేజరు పిలిచి, "మీ వాళ్ళ గల్లీలు నీకు తెలుసు కదా, భాష కూడా వచ్చు, వసూళ్ళకు నువ్వు పోతే బాగుంటుంది" అన్నాడు. జీతం 22 వేలయింది. అట్లా మా భాష ఒక కంపెనీకి పనికొచ్చింది.

ఆ పని ఎట్లా ఉంటుందో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ఆటో కొనుక్కోవడానికి కొడుకు అప్పు తీసుకుంటాడు. జామీను సంతకం తల్లి పెడుతుంది. అప్పు ఇచ్చేటప్పుడే సంతకం చేసిన ఖాళీ చెక్కులు తీసుకుంటారు. వాయిదాలు తప్పితే ఆ చెక్కు మీద కంపెనీ తనకు కావలసిన అంకె రాసి బ్యాంకులో వేస్తుంది. అది తిరిగొస్తుంది. అప్పుడు మొదలవుతుంది అసలు కథ. 1881 నాటి చట్టంలో 1988లో చేర్చిన సెక్షన్ 138 ఉంది. చెక్కు తిరిగొచ్చిన సంగతి బ్యాంకు చెప్పిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసు. రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. చెక్కు మీద సంతకం తనదేనని తేలితే అప్పు ఉన్నట్టే అని కోర్టు ముందుగా అనుకోవాలని చట్టమే చెబుతుంది. కాదని చూపించుకోవలసిన బరువు సంతకం చేసినవాళ్ళది. ఆ సంతకాలు చాలావరకు కుడి నుంచి ఎడమకు ఉర్దూలో ఉంటాయి. నోటీసులేమో ఇంగ్లీషులో వస్తాయి.

కంపెనీ తరఫున సాక్ష్యం చెప్పడానికి అతనే నాంపల్లి కోర్టుకు పోయేవాడు. చంకలో ఫైళ్ళ కట్ట, మెడలో కంపెనీ బిళ్ళ. ఒకరోజు వరండాలో బురఖాలో ఉన్న ఒక ముసలామె సమను కాగితం అతని చేతికిచ్చి, "బేటా, ఇందులో ఏం రాసిందో చదివి చెప్పు" అంది. ఆమె మీద కేసు పెట్టింది తన కంపెనీయేనని అతనికి తెలుసు. ఆమెకు తెలియదు. గడ్డం చూసి, ముఖం చూసి మనవాడే అనుకుంది. అతను వాయిదా తారీకు ఒక్కటే చదివి చెప్పాడు. ఆమె నిలబడ్డ గోడకే ఒక బోర్డు ఉంది. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఎవరెవరికి ఉచితంగా వకీలును ఇస్తారో దాని మీద రాసి ఉంది. అందులో మహిళలు ఉన్నారు. ఆదాయంతో పని లేదు, ఆడమనిషి అయితే చాలు. ఆ బోర్డు అతను ఎన్నోసార్లు చదివాడు. ఆ రోజు ఆమెకు చెప్పలేదు. చెప్పడానికి తను ఆ పక్షం మనిషి కాదు కదా.

ఆ రాత్రి మా దగ్గరికొచ్చి, "నేను లా చదువుతాను" అన్నాడు. ఏడుపు మొహంతో చెప్పిన మాట కాదది. కోపంగానే చెప్పాడు.

ఇక సలహాలు మొదలయ్యాయి. మసీదులో పెద్దలు రెండు రకాలుగా చెప్పారు. ఒకాయన, "వడ్డీ కంపెనీ నౌకరీ హరామ్, రేపే వదిలెయ్" అన్నాడు. ఇంకొకాయన, "రిజ్క్ అల్లా ఇచ్చింది, సబర్ చెయ్" అన్నాడు. మొదటాయన మాట వినడానికి సులువు. వదిలేస్తే మన చెయ్యి శుభ్రం. మరి ఆ గల్లీ సంగతేమిటి? అతను మానేసిన మర్నాడే కంపెనీ ఇంకో ఉర్దూ వచ్చిన కుర్రవాడిని పంపిస్తుంది. మన చేతులు మనం కడుక్కుంటే మురికి పోదు, పక్కవాడి చేతికి అంటుకుంటుంది. అట్లాగని మురికిలోనే ఉండమని మేం అనడం లేదు. శుభ్రమైన చెయ్యి ఒక్కటే కారణమైతే అది చిన్న కారణం అంటున్నాం, అంతే.

సబర్ గురించి మాకు చాలా చెప్పాలని ఉంది. మా తరాలకు తరాలకు ఈ మాట అన్నంలో ఉప్పులా కలిపి పెట్టారు. ఇల్లు అద్దెకివ్వలేదా, సబర్. ఇంటర్వ్యూలో పేరు చదివి తల పక్కకు తిప్పుకున్నారా, సబర్. 2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత మసీదుకు పోయిన పిల్లల్నే పట్టుకుపోయి కొట్టినప్పుడు కూడా తల్లులకు దొరికిన మాట అదే. ఆ పిల్లలు చివరికి నిర్దోషులని తేలడానికి ఏళ్ళు పట్టింది. సబర్ అంటే నోరు మూసుకోవడమని మాకు ఎవరు నేర్పారు? అది నిలబడటం కాదా? ఇంకో సంగతి కూడా ఉంది. సబర్ నేర్పిన దీనే హిజ్రత్ కూడా నేర్పింది. మా సంవత్సరాల లెక్క మొదలయ్యింది పుట్టుకతో కాదు, గెలుపుతో కాదు. 622లో బతకనివ్వని ఒక ఊరును వదిలిపోవడంతో మొదలయ్యింది. వదిలిపోవడం ఓటమి అయితే ఆ రోజును ఎవరైనా క్యాలెండరుకు మొదటి గుంజగా పాతుతారా?

సెక్యులర్ మిత్రులకు ఈ తకరారే అర్థం కాలేదు. "నీ జీవితం నీది. నచ్చని పని చెయ్యకు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. వాళ్ళల్లో చాలామంది ఇళ్ళల్లో తండ్రి పెన్షనో, ఊళ్ళో ఎకరమో, అమెరికాలో అన్నో ఉంటారు. నచ్చని పని వదిలి కింద పడితే పట్టుకోవడానికి ఏదో ఒక గుడ్డ పరిచి ఉంటుంది. మా ఇంట్లో జీతం ఒక మనిషిది కాదు. ఒకటో తారీకున వచ్చేది ఆ సాయంత్రానికే అద్దెగా, తండ్రి చక్కెర జబ్బు మందుగా, చీటీగా విడిపోయి ఎవరిది వారికి పోతుంది. అట్లాంటి చోట 'నా జీవితం' అనే మాట పలకడానికి కూడా కొంచెం సిగ్గేస్తుంది.

మిత్రులే ఇంకోమాట అన్నారు. "మీ వాళ్ళల్లో చదువుకున్న వకీళ్ళు కావాలి. నువ్వు వకీలైతే మీ సమాజానికి ఎంతో మేలు." ఈ మాట మమ్మల్ని పొడిచింది. ఒక రెడ్డి పిల్లవాడో బ్రాహ్మణ పిల్లవాడో ఉద్యోగం మానేసి లా చదువుతానంటే, మీ కులానికి ఏం చేస్తావని ఎవరైనా అడుగుతారా? వాడికి నచ్చింది, వాడు చదువుతాడు. మేం చదివితే మాత్రం కౌముకు లెక్క చెప్పాలి. మా సంతోషం కూడా ఖిద్మత్ అనే ముద్ర పడితేనే చెల్లుతుంది. కోర్టులో చేరాక సీనియర్లు ఇచ్చే కేసులు కూడా అట్లాగే ఉంటాయి. తలాక్, ఖులా, మెహర్, వక్ఫ్ స్థలం. కంపెనీ చట్టమో, పేటెంటు కేసో మా పేరు చూసి ఎవరూ ఇవ్వరు.

అయినా ఆ మాటను పూర్తిగా కొట్టెయ్యలేం. ఉగ్రవాదం కేసుల్లో నిందితుల తరఫున ఎవరూ వాదించకూడదని కొన్ని చోట్ల బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేశాయి. అట్లాంటి తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు తమిళనాడు నుంచి వచ్చిన ఒక కేసులో తేల్చి చెప్పవలసి వచ్చింది. అదే 2010 ఫిబ్రవరిలో ముంబయిలో షాహిద్ ఆజ్మీని ఆయన ఆఫీసులోనే కాల్చి చంపారు. కుర్రతనంలో టాడా కింద పట్టుబడి, తీహార్ జైల్లో ఉండి చదువుకుని, బయటికొచ్చి వకీలై, తనలాగే ఇరుక్కున్నవాళ్ళ తరఫున నిలబడ్డ మనిషి. చనిపోయేనాటికి 32 ఏళ్ళు. ఆయన్ని తలచుకున్నప్పుడు కౌము బరువు గురించి మేం చేసే ఫిర్యాదు చిన్నదిగానే అనిపిస్తుంది. అయితే ఆ బరువు ఆయన తనంతట ఎత్తుకున్నాడు. ఎవరో నెత్తిన పెట్టింది కాదు. ఈ తేడాను మేం వదులుకోం.

సరే, ఉద్యోగం చేస్తూనే వకీలు కాకూడదా అని మీరు అడగవచ్చు. మేమూ అడిగాం. బార్ కౌన్సిల్ నిబంధనల్లో 49వది అడ్డం వస్తుంది. పూర్తికాలం జీతం తీసుకునే మనిషి వకీలుగా పనిచెయ్యకూడదు. ఉద్యోగంలో చేరితే కౌన్సిల్‌కు చెప్పి వకాల్తా మానుకోవాలి. 2022లో సుప్రీంకోర్టు గుజరాత్ నుంచి వచ్చిన ఒక మహిళ కేసులో కొంత వెసులుబాటుకు ఒప్పుకుంది. ఉద్యోగంలో ఉంటూ అఖిల భారత బార్ పరీక్ష రాయొచ్చు, ఆ తర్వాత ఆరు నెలల్లో ఏదో ఒకటి తేల్చుకోవాలి. తేల్చుకోక మాత్రం తప్పదు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టనివ్వని వృత్తి ఇది. నిబంధన వెనక ఉన్న ఆలోచన మంచిదే. జీతమిచ్చే యజమాని ఒకడుంటే వకీలు నాలుక వాడి జేబులో ఉంటుందని. కానీ ఇదే ఆలోచన మా ఇమాం అబూ హనీఫాలో తలకిందులుగా కనిపిస్తుంది. ఎనిమిదో శతాబ్దంలో కూఫా నగరంలో ఉన్న అంత పెద్ద న్యాయకోవిదుడు బట్టల వ్యాపారం మీద బతికాడని చరిత్రకారులు రాస్తారు. ఖలీఫా మన్సూర్ ఖాజీ పదవి ఇస్తానంటే వద్దన్నాడు, జైలుకు పోయాడు. చట్టం తన కడుపు నింపకూడదు, నింపితే చట్టం వంగుతుందని ఆయన భయం కాబోలు. ఇక్కడేమో కడుపు నింపే ఇంకో పని వదులుకుని రమ్మంటారు, వచ్చాక ఏళ్ళ తరబడి చట్టం కడుపు నింపదు.

నింపదనడం అతిశయోక్తి కాదు. కొత్తగా చేరిన జూనియర్‌కు సీనియర్లు బస్సు చార్జీలిస్తే గొప్ప. జూనియర్లకు నగరాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇస్తే బాగుంటుందని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా చెప్పింది. చెప్పింది సలహా. తప్పనిసరి కాదు. పేరు నమోదు ఫీజు సంగతి మాత్రం అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. 1961 నాటి అడ్వకేట్ల చట్టంలో రాసి ఉన్న 750 రూపాయలు, దళితులకు ఆదివాసులకు 125 రూపాయలు, అంతకు మించి తీసుకోకూడదని. అప్పటిదాకా ఒడిశాలో 42 వేలు దాటి వసూలు చేశారు. చట్టంలో 750 అని రాసుకుని దాన్ని వేలల్లో వసూలు చేసింది ఎవరు? చట్టం చదివినవాళ్ళే! ఇది చదివి మేం నవ్వుకున్నాం. తర్వాత నవ్వు రాలేదు. తండ్రి వకీలైన పిల్లవాడికి 42 వేలు ఒక లెక్క కాదు. దర్జీ కొడుక్కు అది గుమ్మం ముందు కట్టిన గోడ.

హాజరు గురించి కూడా చెప్పాలి. మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీకి నూటికి 70 క్లాసుల హాజరు ఉండాలని నిబంధన. క్లాసుకు రాకపోయినా హాజరు పడే కాలేజీలు ఎక్కడెక్కడున్నాయో కోర్టు ఎదుట చాయ్ తాగేవాళ్ళు నోటిలెక్కగా చెప్తారు. "అందరూ చేసేదే, ఉద్యోగం పోకుండా పట్టా వస్తుంది" అని మాలో సగం మంది అన్నాం. ఒప్పుకుంటున్నాం, అన్నాం. అతను మాత్రం, "తప్పుడు సాక్ష్యాన్ని నిలదియ్యడానికి పోతూ మొదటి రోజే తప్పుడు హాజరు వేయించుకోవాలా?" అన్నాడు. బీదవాడికి నిజాయితీ ఎంత ఖరీదో ఆ మాటతో మాకు తెలిసొచ్చింది. 22 వేలు.

లాసెట్‌లో ర్యాంకు వచ్చింది. ఒక సోమవారం అతను రాజీనామా రాసి మేనేజరు బల్ల మీద పెట్టాడు. నెల రోజుల నోటీసు. ఇంట్లో చెప్పలేదు. చెప్పే ధైర్యం పోగుచేసుకోవడానికి పది రోజులు పట్టింది. ఎవరికి భయపడ్డాడు? మంచాన ఉన్న తండ్రికి కాదు, ఆపాకు.

ఆపా అతనికంటే ఐదేళ్ళు పెద్ద. ఇంటర్ పాసయిన ఏడాదే తండ్రి మిషను తొక్కలేని స్థితికి వచ్చాడు. ఆమె చదువు అక్కడే ఆగింది. అప్పటి నుంచి మగ్గం వర్క్ చేస్తోంది. ధనవంతుల ఇళ్ళ పెళ్ళిళ్ళకు బ్లౌజుల మీద జర్దోసీ, పూసలు, అద్దాలు కుట్టే పని. బ్లౌజుకు ఇంత అని కూలి. అదే బ్లౌజు షోరూంలో ఎంతకు అమ్ముతారో ఆమెకు తెలుసు. అడగదు. అతని బీకాం ఫీజులు ఆ సూది మొననుంచి వచ్చినవే. పదిహేనేళ్ళకు పైగా ఆ చట్రం మీద వంగి వంగి ఆమె కళ్ళు పోతున్నాయి, మెడ తిప్పలేదు. పెళ్ళి సంబంధాలు వచ్చాయి. కట్నం మాట దగ్గర ఆగిపోయాయి. మా మజహబులో కట్నం లేదని ప్రతి జుమ్మాకు వింటాం. సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం ఆ మాట ఎవరికీ గుర్తురాదు.

అతను చెప్పాడు. ముసలామె సంగతి, బోర్డు సంగతి, రాత్రుళ్ళు నిద్రపట్టని సంగతి. ఆమె చేతిలో సూది ఆపకుండా విన్నది. తిట్టలేదు. ఉర్దూలో ఒక్క మాట అడిగింది, మేం తెలుగులో రాస్తున్నాం. "నీకు వదలడానికి ఒక నౌకరీ ఉంది. నీ కాగితం తీసుకోవడానికి ఒక మేనేజరున్నాడు. ఈ మగ్గం వదలాలంటే నేను ఇస్తీఫా ఎవరికివ్వాలి?"

ఆ రాత్రి అతను మాకు ఈ మాట చెప్పినప్పుడు ఎవరికీ నోరు పెగల్లేదు. అన్ని నెలలు వాదించాం. సబర్ అన్నాం, హిజ్రత్ అన్నాం, రూలు నంబర్లు చెప్పుకున్నాం, అబూ హనీఫాను తెచ్చాం. అందరం మగవాళ్ళం. సంతోషం లేని పని గురించి మాట్లాడుతూ ఆ ఇంట్లో అందరికంటే సంతోషం లేని పని ఎవరిదో ఒక్కసారి కూడా అనుకోలేదు. దాన్ని పనిగానే లెక్కపెట్టలేదు. జీతం చీటీ లేదు కదా, రాజీనామా లేదు కదా. మైనారిటీల గురించి ఇంత మాట్లాడే మాకు మా ఇంట్లో మైనారిటీ కనపడలేదు.

హిజ్రత్ కథలో మేం మరిచిపోయిన సంగతి ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. ఊరు వదిలే రాత్రి ప్రవక్త దగ్గర మక్కావాళ్ళు దాచుకున్న సొమ్ములున్నాయి. ఆయన్ని చంపాలని చూస్తున్నవాళ్ళవి కూడా అందులో ఉన్నాయంటారు. ఎవరి అమానత్ వారికి తిరిగి ఇచ్చెయ్యడానికి అలీని వెనక వదిలి వెళ్ళాడు. చిన్నప్పటి నుంచి విన్న కథే. వదిలిపోవచ్చు. కానీ మన దగ్గర ఎవరి సొమ్ముందో చూసుకుని వదలాలి. దేవుడి బాకీ దేవుడు మాఫ్ చేస్తాడు, మనుషుల బాకీ ఆ మనుషులే మాఫ్ చెయ్యాలి, హుకూకుల్ ఇబాద్ అంటే అదే కదా. అతని దగ్గర ఆపా ఇంటర్ సర్టిఫికెట్ అమానత్‌గా ఉంది. ఆమె చదవని చదువు అతను చదివాడు.

మర్నాడు పోయి రాజీనామా వెనక్కి తీసుకున్నాడు. మేనేజరు నవ్వాడట, "తెలుసయ్యా, మీ వాళ్ళు ఎక్కడికి పోతారు" అని. ఇంకో ఏడాది చేశాడు. ఆ ఏడాది జీతంలోంచి ఇంట్లో అందరి ఎదుట లెక్కరాసి కొంత పక్కకు పెట్టారు. తండ్రి మందులకు ఇంత, తను చదివే కాలానికి అద్దెకు ఇంత, ఆపా చదువుకు ఇంత. మొదటిసారి ఆ ఇంట్లో ఎవరేం వదులుకుంటున్నారో నోరు తెరిచి మాట్లాడుకున్నారు. తను చదివే మూడేళ్ళు సాయంత్రాలు దుకాణాల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు రాస్తానన్నాడు. ఆపా మగ్గం పని సగానికి తగ్గిస్తానంది. తండ్రి ఒప్పుకున్నాడు, తల్లి కొంచెం ఏడ్చి ఒప్పుకుంది. ఉర్దూ అర్థంలో రాజీనామా అంటే ఇదే కాబోలు. తెలుగు అర్థంలో కాగితం ఆ తర్వాత ఇచ్చాడు.

ఇది మంచి పరిష్కారమని మీరనుకుంటే మేం అడ్డుపడతాం. ఆ ఏడాది అతను పంపిన నోటీసుల మాటేమిటి? చెల్లెలో అక్కో ఉన్న ఇంకెన్ని ఇళ్ళకు ఆ కాగితాలు పోయాయి? ఒక ఆడమనిషి బాకీ తీర్చడానికి ఎంతమంది ఆడవాళ్ళను కోర్టు వరండాలో నిలబెట్టవలసి వచ్చింది? మాలో ఒకరు ఈ మాట అతని మొహం మీదే అడిగారు. అతను జవాబు చెప్పలేదు. మా దగ్గర కూడా లేదు. కడుపు కోసం చేసే పనికి పాపం తక్కువని మేం రాయలేం, ఎక్కువని అసలే రాయలేం.

ఒక్కటి మాత్రం చేశాడు. ఆ ఏడాదంతా కోర్టు వరండాలో కంపెనీ బిళ్ళ మెడలో ఉండగానే, సమను పట్టుకుని దిక్కులు చూసే ప్రతి ఆడమనిషికీ ఆ బోర్డు చూపించి, ఏ గదిలోకి పోవాలో ఉర్దూలో చెప్పాడు. ఇది నమకహరామీ కాదా అని మాలో మళ్ళీ వాదన లేచింది. ఉప్పు తిన్నవాడు యజమాని ప్రత్యర్థికి దారి చూపించవచ్చా? ఫైల్లో ఉన్న సంగతి చెప్తే అది ద్రోహం. గోడ మీద ప్రభుత్వం రాయించిన సంగతి చదివి చెప్తే ద్రోహం ఎట్లా అవుతుంది? చదువురాని మనిషికి కళ్ళివ్వడం కూడా ఏదో ఒక పక్షంలో చేరడమే అయితే, చేరాల్సిందే అని మాలో ఎక్కువమంది అన్నాం. అందరం అనలేదు.

మొన్న వాళ్ళింటికి పోయినప్పుడు అతను కాంట్రాక్ట్ చట్టం పుస్తకం ముందేసుకుని కూచున్నాడు. చెల్లే ఒప్పందానికి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉండాలనే పాఠం దగ్గర ఆగి ఉన్నాడు. 1872 నాటి చట్టం. రెండో గదిలో ఆపా అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి దరఖాస్తు నింపుతోంది. మగ్గం చట్రం గోడకు ఆనించి ఉంది, సగం కుట్టిన బ్లౌజు దాని మీదే ఉంది. పేరు, తండ్రి పేరు, ఇంటర్ పాసయిన సంవత్సరం అన్నీ తనే రాసింది. ఒక గడి దగ్గర పెన్ను ఆగింది. తమ్ముణ్ణి పిలిచింది. 'ప్రస్తుత ఉద్యోగం' అని ఉంది అక్కడ. ఏం రాయాలో ఇద్దరికీ తోచలేదు. మమ్మల్ని అడిగారు.